శ్రీకాకుళం తీరానికి మకాం మార్చే ముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది వలసల జిల్లా అని పేరు. ఇక్కడినుంచి వెళ్లేవాళ్ల గురించే అందరూ మాట్లాడతారు. కొన్నేళ్లుగా నాకు మాత్రం ఇటు వస్తామనేవాళ్ల ఫోన్లే ఎక్కువ. రిటైరై సొంతూరు చేరదామనుకునేవాళ్లు, ఇంటినుంచే పని చేసే కుర్రాళ్లు, సముద్రం పక్కన ఇల్లుండాలని కలలు కనే స్నేహితులు. పన్నెండేళ్లు హైదరాబాద్‌లో ఉండి 2019లో కళింగపట్నం దగ్గర మా ఊరికి తిరిగొచ్చాను. చెప్పిందే చెప్పి గొంతు అరిగిపోతోంది కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## ఇంకా ఆలోచనలోనే ఉన్నప్పుడు

అక్కడ ఏడాదంతా వానలేనా?

కాదు. ఇది కేరళ కాదు. కొచ్చిలో ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్లు కురిస్తే మన దగ్గర వెయ్యి దాటి కొంచెం. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరులోపే పడుతుంది. అక్టోబరు, నవంబరుల్లో అల్పపీడనాలు తెచ్చే వాన వేరు. ఎన్ని రోజులు కురిసిందన్నది సమస్య కాదు. నెల వాన రెండు రోజుల్లో కురిసిపోవడం, మూడు రోజులు ముసురు పట్టి ఇంట్లో ఏ గుడ్డా ఆరకపోవడం, ఇవీ సమస్యలు. వేసవిలో ఎండ కంటే ఉక్కపోతే ఎక్కువ బాధ. హైదరాబాద్ ఎండకి అలవాటుపడ్డవాళ్లు ఈ చెమటకి తట్టుకోలేరు.

ఎప్పుడొచ్చి చూస్తే ఊరి అసలు రంగు తెలుస్తుంది?

అక్టోబరులో రండి. కుదరకపోతే ఆగస్టులో, ముసురు పట్టిన వారంలో. అందరూ సంక్రాంతి సెలవులకే వస్తారు. అప్పుడు ఆకాశం నీలంగా, సముద్రం బుద్ధిగా ఉంటుంది. తేలినీలాపురంలో విదేశీ పక్షులు, పొలాల్లో కుప్పలు, ఇంటింటా అరిసెలు. ఎవరికైనా మనసు జారుతుంది. సంక్రాంతికి చూసి అడ్వాన్స్ ఇచ్చినవాళ్లే దసరాకి నాకు టెన్షన్‌తో ఫోన్ చేస్తారు.

తుఫాన్లు నిజంగా అంత ఎక్కువా, టీవీవాళ్లు పెంచి చూపిస్తారా?

రెండూ నిజమే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2014లో సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర దాటింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నానికి ఉత్తరాన దాటింది. నెలలు చూశారు కదా, అంతా దసరా చుట్టూనే.

అయితే ప్రతి తుఫానూ ప్రతి ఊరినీ ఒకేలా కొట్టదు. మన తీరంలో తుఫాను దాటిన చోటికి ఉత్తరాన ఉన్నవాళ్లకి గాలి నేరుగా సముద్రం మీదినుంచి వస్తుంది, ఉప్పెన ముప్పూ అటే ఎక్కువ. తిత్లీ అప్పుడు మా ఊళ్లో కొమ్మలు విరిగాయి. కవిటి వైపు మా పెద్దమ్మగారి తోటలో కొబ్బరిచెట్లు వరసగా పడుకున్నాయి. కొబ్బరి మళ్లీ కాపుకి రావాలంటే ఆరేడేళ్లు. ఆ ఏడుపు టీవీలో రాదు.

శ్రీకాకుళం తీరం మంచిదా, విజయనగరం తీరమా?

విజయనగరం జిల్లాకి సముద్రం ఉన్నది భోగాపురం, పూసపాటిరేగ మండలాల్లోనే. విశాఖకి దగ్గర, ఆసుపత్రులకి దగ్గర. కానీ విమానాశ్రయం పేరు చెప్పి భోగాపురం చుట్టూ సెంటు రేటు సామాన్యుడికి అందకుండా పోయింది. శ్రీకాకుళానికి దాదాపు 193 కిలోమీటర్ల తీరం ఉంది కాబట్టి ఎంచుకోవడానికి చోటు ఎక్కువ, రేట్లు నయం. పెద్ద జబ్బు చేస్తే మాత్రం విశాఖ పరుగు తప్పదు, శ్రీకాకుళం పట్నం నుంచే వంద కిలోమీటర్ల పైమాట. ఇంట్లో డెబ్బై దాటిన పెద్దలుంటే నేనైతే పచ్చదనం కంటే ఆ దూరమే ముందు లెక్కేస్తాను.

ఉద్దానంలో కిడ్నీ జబ్బులంట కదా, అక్కడ స్థలం కొనొచ్చా?

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల కొబ్బరి, జీడి తోటల ప్రాంతమే ఉద్దానం. జిల్లాలో ఇంత అందమైన చోటు ఇంకోటి లేదు. షుగరు, బీపీ లేనివాళ్లకి కూడా అక్కడ కిడ్నీలు దెబ్బతింటున్నాయి. నీళ్లా, ఎండలో ఒళ్లు ఎండిపోయే పనా, పురుగుమందులా, వంశపారంపర్యమా అన్నది ఇన్నేళ్ల పరిశోధనల తర్వాత కూడా తేలలేదు. హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల్లో నీరు తెచ్చే పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి.

కాబట్టి ఆ నీరు మీరు చూస్తున్న వీధి కొళాయికి రోజూ వస్తోందా అని ఇరుగుపొరుగుని అడగండి. పథకం ఉందన్న మాట చాలదు. అక్కడ కాపురం పెడితే ఏడాదికోసారి క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి. ఒళ్లునొప్పులకి మందులషాపు బిళ్లలు మింగే అలవాటు మానండి, అవి కిడ్నీలకి చేటు.

## ఇల్లో, స్థలమో చూసేటప్పుడు

సముద్రానికి ఎంత దూరంలో ఉంటే మంచిది?

అలల చప్పుడు వినబడేంత దగ్గర వద్దు. రెండు మూడు కిలోమీటర్లు లోపలికి, మధ్యలో సరుగుడు తోటో జీడితోటో ఉంటే ఉప్పుగాలి బాగా తగ్గుతుంది. సైకిలు మీద పావుగంటలో సముద్రం చూసి రావచ్చు, ఇంట్లో ఫ్రిజ్ కూడా బతుకుతుంది.

చట్టం సంగతి వేరే. ఆటు పోట్లలో నీరు ఎగువకి వచ్చే గీత నుంచి 500 మీటర్ల దాకా కోస్తా నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనలు వర్తిస్తాయి. పల్లెల్లో మొదటి 200 మీటర్లలో కొత్త ఇళ్లకి అనుమతి ఉండదు. జనం కిక్కిరిసి ఉన్న గ్రామాలకి 2019 నోటిఫికేషన్ దీన్ని 50 మీటర్లకి తగ్గించింది. ఉప్పుటేళ్లు, నదీముఖాల ఒడ్డుకీ ఆంక్షలున్నాయి. 'బీచ్ వ్యూ' ప్లాటు అమ్మేవాడు ఇవేమీ చెప్పడు.

స్థలం పల్లమో మెట్టో కొత్తవాళ్లకి ఎలా తెలుస్తుంది?

ఎండాకాలంలో అన్ని స్థలాలూ మెట్టలాగే కనిపిస్తాయి. తుంగ మొలిచిన ఆనవాలుందా చూడండి. పాత గోడల మీద అడుగు ఎత్తున మరక గీత ఉందా చూడండి. రోడ్డు మీద నిలబడి పక్క ఇంటి గుమ్మం మీ కాళ్లకంటే కిందుందా పైనుందా గమనించండి. రోడ్డు వేసినప్పుడల్లా అరడుగు లేస్తుంది, ఇళ్లు లేవవు. పదేళ్ల కిందట ఎత్తున కట్టిన ఇల్లు ఇప్పుడు గోతిలో ఉంటుంది.

ఊరివాళ్లు ఆ చోటుని ఏమని పిలుస్తారో వినండి. బీల, తంపర, గెడ్డవార లాంటి మాట వినిపిస్తే ఆగి ఆలోచించండి. సోంపేట దగ్గర బీల అంటే నీళ్లు నిలిచే చిత్తడి నేలే. తంపర కూడా పల్లపు నేలే, గెడ్డ అంటే వాగు. బ్రోకర్ని కాదు, ఎదురింటి అరుగు మీద కూర్చున్న ముసలమ్మని అడగండి. నేను ఒక స్థలం చూడ్డానికి వెళ్లినప్పుడు అలాంటి ఒకావిడ, "బాగుంటాది బాబూ, గెడ్డ పొంగినప్పుడు మాత్రం మీ మంచం కిందకి చేపలొస్తాయి" అంది. అడ్వాన్స్ డబ్బులు జేబులోనే ఉండిపోయాయి.

నది ఒడ్డున ఇల్లు బాగుంటుంది కదా, ఇబ్బందేంటి?

నాగావళి, వంశధార రెండూ ఒడిశా కొండల్లో పుట్టి వస్తాయి. ఇక్కడ ఎండ కాస్తుంటే ఎగువన కురిసిన వాన మర్నాడు మీ వాకిట్లో ఉంటుంది. వంశధారకి గొట్టా బ్యారేజీ దగ్గర నీరెంత వదిలారన్నది ఆ ఒడ్డువాళ్లకి రోజువారీ కబురు. తుఫాను వెళ్లిపోయాక ఊపిరి పీల్చుకునే వేళకే వరద వస్తుంది, అదీ కష్టం.

బావి నీళ్లు ఉప్పగా ఉంటాయా?

తీరంలో ఇసుక కింద మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్రమట్టానికి పైన ఒక మీటరు మంచినీరుంటే దాని కింద దాదాపు 40 మీటర్ల లోతు దాకా మంచినీరే. అంటే బరువైన మోటారు పెట్టి పైన ఒక మీటరు లాగేస్తే కిందినుంచి ఉప్పునీరు చాలా ఎత్తుకి లేస్తుంది. అందుకే మన తాతలు తీరపు ఊళ్లలో లోతులేని, వెడల్పాటి బావులు తవ్వారు. లోతుగా బోరు వేస్తే మంచి నీళ్లు పడతాయన్న రాయలసీమ, తెలంగాణ లెక్క ఇక్కడ తిరగబడుతుంది.

కొనేముందు మే నెలలో నీళ్లు రుచి చూడండి, సీసాలో పట్టి ల్యాబ్‌కివ్వండి. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) లీటరుకి 500 మిల్లీగ్రాములలోపు ఉంటే మంచిది. వేరే దారి లేనప్పుడు ప్రమాణాలు ఒప్పుకునే గరిష్ఠ పరిమితి 2,000.

కాగితాల్లో ముఖ్యంగా ఏం చూడాలి?

మీభూమి వెబ్‌సైట్‌లో అడంగల్, 1బీ అనే భూమి రికార్డులు చూడండి. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో కనుక్కోండి. తీరంలో డీ-పట్టా భూములు (ప్రభుత్వం పేదలకి ఇచ్చినవి) చాలా ఉన్నాయి, అలాంటిదైతే లాయరుకి చూపించకుండా రూపాయి కూడా ఇవ్వొద్దు.

వెంటనే కొనాలా, ముందు అద్దెకుండాలా?

ఒక వానాకాలం అద్దెకుండండి.

## కట్టేటప్పుడు, సామాను తెచ్చేటప్పుడు

ఉప్పుగాలికి ఏమేం పాడవుతాయి?

కొత్తగా వచ్చేవాళ్లు వానకి భయపడతారు. అసలు ఖర్చు ఉప్పుగాలి పెట్టేది. వాన వచ్చి పోతుంది, ఇది రోజూ పని చేస్తూనే ఉంటుంది. మొదట తుప్పు పట్టేది గేటు తాళం. తర్వాత కిటికీ ఊచలు, ఫ్యాను రెక్కల అంచులు, ఫ్రిజ్ వెనకవైపు, గ్యాస్ పొయ్యి బర్నర్లు. ఏసీ బయట యూనిట్‌లో కాయిల్ చిల్లుపడి గ్యాస్ పోతుంది. మా మొదటి ఏసీ మూడో ఏడు చూడలేదు. కొనేటప్పుడు కాయిల్‌కి తుప్పు పట్టని పూత ఉందా అడగండి. నెలకోసారి బయటి యూనిట్‌ని మంచినీళ్లతో కడగండి, ఉప్పు పేరుకోదు.

'స్టెయిన్‌లెస్' అన్న మాట నమ్మొద్దు. మామూలు 304 గ్రేడు రెయిలింగు కూడా టీ చుక్కలు పడ్డట్టు మచ్చలు తేలుతుంది. 316 గ్రేడు ఖరీదెక్కువ, కానీ నిలబడుతుంది. కిటికీలకి యూపీవీసీ, బందులకీ గొళ్లేలకీ ఇత్తడి వాడండి. టూవీలర్ గొలుసుకి నూనె, బ్యాటరీ టెర్మినళ్లకి గ్రీజు మర్చిపోకండి.

ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీకి ఏం చెప్పాలి?

కోస్తా వాతావరణానికి మన ఐఎస్ 456 ప్రమాణం కనీసం ఎం30 కాంక్రీటు, ఊచల మీద 45 మిల్లీమీటర్ల కవర్ (ఊచని కప్పే కాంక్రీటు మందం) అడుగుతుంది. మేస్త్రీ "మా ఊళ్లో అందరికీ ఎం20యే పోశాం బాబూ" అంటాడు. అందరి శ్లాబులూ ఎందుకు పెచ్చులూడుతున్నాయో కూడా అదే చెబుతుంది. కవర్ బ్లాకులు మీరే కొనిచ్చి, శ్లాబు పోసేరోజు దగ్గరుండండి.

సముద్రపు ఇసుక ఒక్క తట్ట కూడా కలవకూడదు. కలిపే నీళ్లూ, క్యూరింగు నీళ్లూ ఉప్పగా ఉండకూడదు. పునాది రోడ్డు కంటే కనీసం రెండు మూడడుగులు ఎత్తు లేపండి. శ్లాబుకి వాటం, కిటికీలన్నిటికీ వెడల్పాటి సన్‌షేడ్లు పెట్టించండి. వాన ఇక్కడ నిలువుగా పడదు, అడ్డంగా కొడుతుంది. మేడమీద రేకుల షెడ్డు వేయాలనిపిస్తే బోల్టులు దగ్గరదగ్గరగా బిగించాలి. తుఫాన్లో ఎగిరిన రేకు కత్తితో సమానం, అది పక్కింటివాళ్ల మీద పడుతుంది.

హైదరాబాద్ నుంచి ఏ సామాను తేకూడదు?

పార్టికల్ బోర్డు అల్మారాలు, టీవీ యూనిట్లు తేకండి, రెండు వానాకాలాల్లో అటుకుల్లా ఉబ్బుతాయి. తోలు సోఫాకి బూజు పడుతుంది. తివాచీ దండగ. పట్టుచీరలు నెలకోసారి నీడలో ఆరేయాల్సిందే. పుస్తకాలున్నవాళ్లు గోడకి ఆనించకుండా నాలుగంగుళాలు ఎడంగా బీరువా పెట్టుకోండి. నావి ఓ ఇరవై దాకా పోయాయి, ఇప్పటికీ గుర్తొస్తే బాధే. టేకు మంచాలు, స్టీలు సామాను, ప్లాస్టిక్ డబ్బాలు నిశ్చింతగా తెచ్చుకోండి.

ఇంటికి ఇన్సూరెన్స్ దొరుకుతుందా?

దొరుకుతుంది. 2021 ఏప్రిల్ నుంచి సాధారణ బీమా కంపెనీలు 'భారత్ గృహ రక్ష' అనే ఒకే నమూనా పాలసీ అమ్ముతున్నాయి. తుఫాను, వరద, పిడుగు అందులోకి వస్తాయి. అల్పపీడనం పేరు వార్తల్లో వినబడ్డాక కొందామనుకోకండి, మేలోనే తీసుకోండి. ఇంటి ఫోటోలు, సామాను బిల్లులు ఫోన్‌లో కాకుండా ఆన్‌లైన్‌లో దాచండి.

## తొలి వానాకాలం, తొలి తుఫాను

'మూడో నంబరు ప్రమాద సూచిక' అంటే మనం ఊరు ఖాళీ చేయాలా?

అక్కర్లేదు. అది ఓడరేవుల్లో ఓడలకీ పడవలకీ ఎగరేసే హెచ్చరిక. 1, 2 దూరంలో ఎక్కడో ఉందని. 3, 4 రేవుకి గాలి ముప్పుందని. 5 నుంచి 7 ప్రమాదం, 8 నుంచి 10 పెను ప్రమాదం. 11 అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. ఇంట్లో ఉండేవాళ్లు ఐఎండీ (వాతావరణ శాఖ) ఇచ్చే హెచ్చరిక రంగులు చూడాలి. ఆరెంజ్ అంటే సిద్ధంకండి, రెడ్ అంటే కదలండి. రెవెన్యూవాళ్లు తుఫాను షెల్టరుకి రమ్మంటే మాత్రం వాదించకుండా వెళ్లండి.

తుఫాను వస్తోందంటే ముందు రెండు రోజుల్లో ఏం చేయాలి?

ట్యాంకు, బకెట్లు, బిందెలు నింపండి. కరెంటు పోతే మోటారు ఉండదు, ఆ తర్వాత నీళ్లే బంగారం. ఏటీఎంలు పనిచేయవు కాబట్టి చిన్న నోట్లు దగ్గరుంచుకోండి. బండిలో పెట్రోలు కొట్టించండి. బీపీ, షుగరు మందులు రెండు వారాలకి సరిపడా తెచ్చుకోండి. ఇంటి మీదికి వంగిన కొబ్బరి మట్టలు, కాయలు కోయించండి. కొబ్బరికాయ గాలికి ఫిరంగి గుండే. మేడమీద కుండీలు, కుర్చీలు దించండి. దస్తావేజులు ప్లాస్టిక్ కవర్లో చుట్టి అటక మీద పెట్టండి. పశువులుంటే కట్లు విప్పేయండి. ఇది కొత్తవాళ్లకి తెలియదు, కట్టేసిన పశువు నీళ్లొస్తే అక్కడే పోతుంది.

ఫోన్‌లో 112, రాష్ట్ర విపత్తుల కంట్రోల్ రూమ్ 1070, కరెంటుకి 1912 వేసుకోండి. పిడుగుల కోసం దామిని యాప్ పెట్టుకోండి.

గాలి ఒక్కసారిగా ఆగిపోయింది, బయటికి వెళ్లొచ్చా?

వెళ్లొద్దు. అది తుఫాను కన్ను కావచ్చు. కాసేపటికి గాలి ఎదురు దిక్కునుంచి అంతే బలంగా కొడుతుంది. మొదటి గాలికి వదులైన చెట్లు, స్తంభాలు రెండో గాలికే పడతాయి. ఐఎండీ చెప్పేదాకా తలుపు తీయకండి.

కరెంటు ఎన్ని రోజులు ఉండదు?

మామూలు గాలివానకి కొన్ని గంటలు. స్తంభాలు పడే తుఫానుకి వారం, తీరపు పల్లెల్లో అంతకంటే ఎక్కువ. తిత్లీ తర్వాత మా పెద్దమ్మగారి ఊరికి రెండు వారాలు లేదు. చిన్న సోలార్ లైటు, పవర్‌బ్యాంకు ఇన్వర్టరు కంటే నమ్మకం. ఇన్వర్టరుకి ఛార్జింగ్ ఎక్కడినుంచి వస్తుంది? తెగిన తీగ కనిపిస్తే కర్రతో కూడా ముట్టుకోవద్దు.

కారు నీళ్లలో మునిగితే?

స్టార్ట్ చేయకండి. ఇంజిన్‌లోకి నీళ్లు వెళ్లి ఉంటే ఒక్క తిప్పుతో కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి, ఆ నష్టానికి మామూలు పాలసీ డబ్బులివ్వదు. బ్యాటరీ వైరు తీసి, ఫోటోలు తీసి, షెడ్డుకి లాగించండి. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ ఇక్కడ దండగ కాదు.

వానాకాలంలో జబ్బుల సంగతి?

దోమలు విపరీతం. డెంగీ, మలేరియాలతో పాటు బోదకాలు కూడా ఉత్తరాంధ్రలో పాతకాలం నుంచి ఉంది. దాని మాత్రలు పంచడానికి వస్తే మొహమాటపడకుండా మింగండి. మురికి నీళ్లలో కాలికి పుండుతో నడవకండి, ఎలుకల మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది. వరద తర్వాత పాములు ఇంట్లోకి చేరతాయి. కరిస్తే మంత్రం దగ్గరికి కాదు, కట్లు బిగించడమూ కాదు, కదలకుండా ఆసుపత్రికి. ఉబ్బసం ఉన్నవాళ్లకి బూజు పడదు కాబట్టి గోడల చెమ్మ వెంటనే బాగుచేయించండి.

## స్థిరపడ్డాక

రైళ్లు, ప్రయాణాలు ఎలా?

శ్రీకాకుళం పట్నంలో రైల్వేస్టేషన్ లేదు. శ్రీకాకుళం రోడ్ అనే స్టేషన్ ఆమదాలవలసలో ఉంది, పట్నం నుంచి పన్నెండు, పదమూడు కిలోమీటర్లు. 16వ నంబరు జాతీయ రహదారి ఉంది కాబట్టి బస్సులకి లోటు లేదు.

ఇంటినుంచే పని చేస్తాను, ఇంటర్నెట్ ఉంటుందా?

పట్నంలో, మండల కేంద్రాల్లో ఫైబర్ ఉంది. తీరపు పల్లెల్లో వీధి వీధికీ తేడా. రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు ఉంచుకోండి. అక్టోబరు, నవంబరుల్లో ముఖ్యమైన డెడ్‌లైన్లు ఒప్పుకోకండి. మీ మేనేజరుకి తుఫాను అర్థం కాదు.

ఊళ్లోవాళ్లు కలుపుకుంటారా?

కలుపుకుంటారు, మీరు ముందు వెళ్లి పలకరిస్తే. మొదటి వారంలోనే ఇరుగుపొరుగు పెద్దాయన్ని బాబాయ్ అనో, ఆవిడని పిన్నీ అనో పిలవండి. "ఏటి, ఎక్కడినుంచి, ఎవరి తాలూకు?" అని అడుగుతారు. విసుక్కోవద్దు, తుఫాను రాత్రి తలుపు కొట్టి పిలిచేది వాళ్లే. మా యాస విని నవ్వితే మాత్రం అది మర్చిపోరు.

చేపలు ఎప్పుడు బాగా దొరుకుతాయి?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అరవై ఒక్క రోజులు, మోటారు పడవల వేట నిషేధం. అప్పుడు ధర మండిపోతుంది, చెరువు చేపలతో సర్దుకోవాలి. నిషేధం ఎత్తేశాక మొదటి వారం ఒడ్డుకి పొద్దున్నే వెళ్లండి. మీతో సంచీ తీసుకెళ్లండి, అక్కడ ఇవ్వరు.